ఆన్‌లైన్‌లో చీరలు అమ్మితే మిగులుతుందా? ముందు ఒక్క చీర లెక్క రాయండి

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అత్తగారిది మంగళగిరి, నేతవాళ్లు బాగా తెలుసు. ఉద్యోగం మానేసి ఆ చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముదామని ఉంది. చేతిలో 3 లక్షలు ఉన్నాయి. అమెజాన్, మీషో లాంటి వాటిలో పెట్టాలా, ఇన్‌స్టాగ్రామ్ సరిపోతుందా, సొంత వెబ్‌సైట్ తెరవాలా? నిజంగా ఏమైనా మిగులుతుందా సార్?

సమాధానం:

అమ్మా, మాది చీరాలలో బట్టల కొట్టు. నాన్నగారి తర్వాత నేను చూసుకుంటున్నాను. 2012 చివర్లో ఫేస్‌బుక్ పేజీతో ఆన్‌లైన్ మొదలుపెట్టాను. మధ్యలో రెండుసార్లు గట్టిగా దెబ్బతిన్నాను, ఒకసారి ఈ గొడవంతా మనకెందుకని కంప్యూటర్ మూసేశాను కూడా. ఇప్పుడు మా అమ్మకాల్లో సగానికి పైగా మా కొట్టు గుమ్మం ఎప్పుడూ ఎక్కని వాళ్లవే. అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఉద్యోగం సంగతి. మానకండి. కనీసం ఒక శ్రావణం, ఒక దసరా, ఒక సంక్రాంతి చూశాక ఆలోచించండి. ఈ వ్యాపారంలో శ్రావణమాసం ఆర్డర్లు చూసి ఏడాదంతా ఇలాగే ఉంటుందనుకున్న వాళ్లు చాలామంది నాకు తెలుసు. మొదటి ఏడాది నేనూ అందులో ఒకణ్ణే.

ఇక లెక్క. మీరు అడిగిన మిగతా ప్రశ్నలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి పూర్తిగా రాస్తున్నాను. ఇది నేను దెబ్బతిన్న రోజుల్లో ఒక పెద్ద యాప్‌లో అమ్మినప్పటి లెక్క. అంకెలు సులువుగా ఉండాలని కొంచెం గుండ్రం చేశాను. మీ యాప్‌లో కమిషన్, కొరియర్ రేట్లు వేరుగా ఉంటాయి, అవి వేసుకుని మళ్లీ లెక్కేసుకోండి.

నిజాం బార్డర్ మంగళగిరి కాటన్ చీర. షావుకారు (నేతవాళ్ల చేత నేయించి మనకు టోకున అమ్మే వ్యాపారి) దగ్గర నాకు పడింది 1,050 రూపాయలు. యాప్‌లో పెట్టిన ధర 1,650. ఆ ధరలో కలిసే ఉన్న 5 శాతం జీఎస్టీ 79. కమిషన్, వాళ్ల ఇతర చార్జీలు కలిపి 250. కొరియర్ 90. కవరు, లోపల టిష్యూ పేపరు, స్టిక్కరు 25. మన చీర పైకి కనపడాలంటే ప్రకటన పెట్టాలి కదా, అది చీరకి 80 పడింది. అన్నీ కలిపితే 1,574. మిగిలింది 76 రూపాయలు.

76 అయినా పర్లేదు, ఎక్కువ అమ్ముదాం అనుకున్నాను. ఇరవై ఆర్డర్లు వస్తే అందులో ఐదు వెనక్కి వచ్చాయి. వెనక్కి వచ్చిన వాటికి కమిషన్ తిరిగి ఇస్తారు, కొరియర్ ఇవ్వరు. పంపినందుకు 90, తిరిగి వచ్చినందుకు 70, పాడైపోయిన ప్యాకింగ్ 25, ప్రకటన 80, వెరసి ఒక్కో రిటర్న్‌కి 265 పోయింది. ఐదింటికి 1,325. నిలబడ్డ పదిహేను ఆర్డర్ల మీద వచ్చిన లాభం 1,140. అంటే ఇరవై చీరలు ప్యాక్ చేసి, రాత్రి పదింటిదాకా కూర్చుని, చివరికి జేబులోంచి 185 రూపాయలు వేసుకున్నాను. అందులో నా కూలి లేదు, మా ఆవిడ మడతలు పెట్టిన కూలీ లేదు. ఆ నెల డ్యాష్‌బోర్డులో అమ్మకాల గీత మాత్రం నిటారుగా పైకి లేచింది. వాపు చూసి బలుపనుకోవడం అంటే అదే.

అదే చీర, మాకు తెలిసిన కస్టమర్‌కి నేరుగా వాట్సాప్‌లో 1,450కి ఇస్తే? చీర 1,050, జీఎస్టీ 69, కొరియర్ 80, ప్యాకింగ్ 25. మొత్తం 1,224. ఆమెకు 200 తగ్గింది, నాకు 226 మిగిలింది. పైగా ఆమెకు మా చీర ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి వెనక్కి పంపదు. ఈ తేడా అర్థం కావడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఆన్‌లైన్ వ్యాపారంలో డబ్బంతా రెండోసారి కొనే మనిషి దగ్గరే ఉంది. మొదటిసారి కొనేవాళ్లని పట్టుకోవడానికి అయ్యే ఖర్చే మన లాభాన్ని తినేస్తుంది.

అయితే యాప్‌లు దండగా అంటే, కాదు. తిరునాళ్లలో కొట్టు పెట్టడం లాంటిదది. జనం వాళ్లంతట వాళ్లే వస్తారు, మనం వెతుక్కోనక్కర్లేదు, అందుకు అద్దె కడతాం. కానీ తిరునాళ్లలో కొన్న మనిషి పేరూ ఊరూ మనకు మిగలవు. యాప్‌లో కూడా అంతే, కొన్నది మన చీరే అయినా కస్టమరు వాళ్ల మనిషి. ఫోన్ నంబరు సరిగ్గా ఇవ్వరు, ప్యాకెట్లో మన కార్డు పెట్టి మా దగ్గరికి నేరుగా రండి అంటే నిబంధనలకు విరుద్ధమని అకౌంట్ ఆపేస్తారు. ఆ పని చేయకండి. తిరునాళ్ల కొట్టులో నాలుగైదు రకాల చీరలు, అదీ రిటర్న్ వచ్చినా తట్టుకునే ధరలో పెట్టండి. మంచి సరుకు, కొత్త రంగులు మీ సొంత చోట ఉంచండి.

ఇదంతా ఎలా మొదలైందో చెబితే ఇంకో విషయం తెలుస్తుంది. ఫ్లిప్‌కార్ట్ 2007లో బెంగళూరులో పుస్తకాలతో మొదలైంది. వాళ్లకు మొట్టమొదటి ఆర్డర్ ఇచ్చింది మన మహబూబ్‌నగర్ నుంచి ఒకాయన. ఆ పుస్తకం కోసం బెంగళూరు షాపుల్లో వెతికి మరీ పంపారట. ఆలోచించండి, బెంగళూరులోనో ముంబైలోనో పుస్తకాల కొట్లకు కొదవలేదు. కావలసిన వస్తువు దొరకని ఊళ్లోనే ఆన్‌లైన్ అవసరం పుట్టింది. 2010లో వాళ్లు క్యాష్ ఆన్ డెలివరీ తెచ్చారు. కార్డంటే భయపడే మనవాళ్లు అప్పుడే ధైర్యం చేశారు. 2013లో అమెజాన్ వచ్చింది. 2016లో యూపీఐ, ఆ నవంబర్లోనే నోట్ల రద్దు. అప్పటిదాకా ‘బ్యాంకులో వేసి చలానా ఫొటో పంపిస్తానండి’ అనే కస్టమర్లు ఫోన్‌లోనే డబ్బులు పంపడం మొదలుపెట్టారు. నాలాంటి చిన్న కొట్టువాడికి అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది యూపీఐ. ఆ డబ్బు మీద కమిషన్ లేదు, అదే రోజు అకౌంట్‌లో ఉంటుంది. యాప్ నుంచి డబ్బు రావాలంటే రోజులు లెక్కపెట్టుకోవాలి, షావుకారు అన్ని రోజులు ఆగడు.

లాభాల్లో నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. కొట్టులో మాకు ఆషాఢం, మూఢం వస్తే ఈగలు తోలుకోవడమే. ఆన్‌లైన్‌లోకి వచ్చాక ఊరూరి పండగలూ మన పండగలే అయ్యాయి. దుర్గాపూజకి కోల్‌కతా వాళ్లు చేనేత కాటన్ ఎంత ఇష్టంగా కొంటారో నాకు 2014 దాకా తెలియదు. బెంగళూరులో, పుణెలో ఆఫీసుకి కాటన్ చీరలు కట్టుకెళ్లే ఆడవాళ్లు పండగతో పని లేకుండా కొంటారు. మీ మంగళగిరి చీరకి అసలు మార్కెట్ అదే. పెళ్లి పట్టు వెనకాల పడకండి, ఆ పోటీలో 3 లక్షలు ఒక మూలకి రావు.

రిటర్న్‌ల గురించి వివరంగా చెప్పాలి. మా దగ్గర వెనక్కి వచ్చిన చీరల్లో ఎక్కువ భాగం రంగు వల్లే వచ్చాయి. నెమలికంఠం చీర తీసుకోండి. పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డ దారం) ఇంకో రంగు. కదిలిస్తే ఒక వైపు నీలం, ఒక వైపు ఆకుపచ్చ మెరుస్తుంది. ఫొటోలో మాత్రం ఏదో ఒక్కటే పడుతుంది. ట్యూబ్‌లైట్ కింద తీస్తే వంకాయ రంగు నీలమై కూర్చుంటుంది. కొన్నామె వంకాయ రంగు జాకెట్టు కుట్టించుకుని ఎదురుచూస్తుంటే ఇంకో రంగు చీర వచ్చినట్టుంటుంది, ఆమె కోపం న్యాయమే. ఇప్పుడు మేం పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య వరండా నీడలో తీస్తాం. రెండు రంగుల చీర అయితే కొంగు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ పది సెకన్ల వీడియో తప్పనిసరి. ఫోన్‌లో ఫిల్టర్ వాడకూడదని మా అబ్బాయికి గట్టిగా చెప్పాను. ఫొటో కొంచెం డల్లుగా ఉన్నా ఫర్వాలేదు. వచ్చిన చీర ఫొటోకన్నా బాగుంటే ఆ కస్టమర్ మళ్లీ వస్తుంది.

రెండోది, చేతి నేతలో అక్కడక్కడా చిన్న ముడి, దారం లావు సన్నం ఉంటాయి. మిల్లు బట్టకి అలవాటుపడ్డ వాళ్లు దాన్ని డ్యామేజ్ అంటారు. వివరణలోనే రాయండి, ఫొటోలో దగ్గరగా చూపించండి. మొదటి ఉతుకులో రంగు పోయే అవకాశం ఉంటే అదీ రాయండి. దాచి అమ్మితే ఒక్క స్టార్ ఇచ్చి, ఫొటో పెట్టి మరీ రాస్తారు. స్నేహితుల చేత అయిదు స్టార్లు రాయించుకోవాలని కూడా చూడకండి. కొనుగోలుదారు వేషం వేసి మన సరుకుకు మనమే రివ్యూ రాసుకోవడం 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం తప్పు. సొంత వెబ్‌సైట్ పెడితే ఫిర్యాదులు చూసే అధికారి పేరు అందులో ఉండాలి. అంటే మీ ఒక్కరి కొట్టులో అది మీ పేరే. ఫిర్యాదు వచ్చిన 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి.

ఇక దొంగ రిటర్న్‌లు. ఒకసారి 4,000 పైన ధర ఉన్న కుప్పడం చీర వెనక్కి వచ్చింది. విప్పితే లోపల ఎవరో ఏళ్ల తరబడి కట్టి వదిలేసిన పాలియెస్టర్ చీర, కొంగుకి పసుపు మరక కూడా ఉంది. యాప్ వాళ్లకి ఫిర్యాదు చేస్తే ‘మీరు పంపింది ఇది కాదని రుజువేమిటి?’ అని అడిగారు. నా దగ్గర ఏమీ లేదు. డబ్బు పోయింది. అప్పటి నుంచి ప్యాక్ చేసేటప్పుడు చీర కొంగు, అంచు, బిల్లు, కవరు మీద అంటించిన అడ్రసు వరకూ ఒకే వీడియోలో ఆపకుండా తీస్తాం. వెనక్కి వచ్చిన ప్యాకెట్ కూడా కెమెరా ముందే విప్పుతాం. ఆ వీడియోలు చూపించి తర్వాత మూడు కేసులు గెలిచాను.

కొరియర్‌లో తెలియని బొక్క ఒకటుంది. బరువు ఒక్కటే చూడరు, సైజు కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. వచ్చిన అంకెకీ అసలు బరువుకీ ఏది ఎక్కువైతే దానికి చార్జీ. గిఫ్ట్ లాగా ఉంటుందని నేను 30, 25, 10 సైజు అట్టపెట్టెలు చేయించాను. లెక్క వేస్తే ఒకటిన్నర కిలో! లోపల చీర అరకిలో లేదు. అదే నాలుగు సెంటీమీటర్ల మందంలో పల్చగా ప్యాక్ చేస్తే 600 గ్రాములే. ఆ పెట్టెలు ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి, కావాలంటే ఇస్తాను.

క్యాష్ ఆన్ డెలివరీ పెట్టాలా అని తర్వాత ఎలాగూ అడుగుతారు. మొదట్లో వద్దు. తమదేమీ పోదు కదా అని ఆర్డర్ చేస్తారు, డెలివరీ అబ్బాయి వెళ్లేసరికి ఫోన్ ఎత్తరు. మరీ తప్పకపోతే 100 రూపాయలు ముందు కట్టమనండి. ఆ వంద కట్టినవాళ్లు దాదాపు అందరూ తలుపు తీస్తారు.

పన్నుల విషయంలో మీ పరిస్థితి కొంచెం వేరు, జాగ్రత్తగా వినండి. సరుకులు అమ్మేవాళ్లకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. మీరు హైదరాబాద్ ఇంటి అడ్రసుతో పెడుతున్నారా, మంగళగిరిలో అత్తగారింటి అడ్రసుతోనా అన్నది అందుకే ముఖ్యం. 2023 అక్టోబర్ నుంచి, ఒకే రాష్ట్రం లోపల యాప్‌ల ద్వారా అమ్మే చిన్నవాళ్లు ఈ పరిమితి దాటేదాకా రిజిస్ట్రేషన్ లేకుండా ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో అమ్ముకోవచ్చు. కానీ చీర రాష్ట్రం దాటితే మామూలుగా మొదటి చీర నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. చేతివృత్తుల సరుకుకి కొన్ని మినహాయింపులున్నాయి, మీ చీర అందులోకి వస్తుందో రాదో ఆడిటర్‌ని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. నా సలహా, మంగళగిరి నుంచి హైదరాబాద్ పంపడమే రాష్ట్రం దాటడం కాబట్టి, ఎలాగూ తప్పదు, ముందే తీసుకోండి. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకి యాప్‌లు మన డబ్బులో 0.5 శాతం జీఎస్టీ టీసీఎస్ కింద, 0.1 శాతం ఆదాయపు పన్ను టీడీఎస్ కింద (రెండూ ముందే కోసుకునే పన్నులు) పట్టుకుని మిగతాది ఇస్తాయి. చిన్న మొత్తమే అని వదిలేయకండి. రెండూ మన పేరున పన్ను ఖాతాలో జమ అయ్యేవే, అడిగి తీసుకోవాలి. నేను మొదటి ఏడాది వదిలేశాను.

మోసాల గురించి. రాత్రి తొమ్మిదిన్నరకి ఒకాయన ఫోన్, నాలుగు చీరలు అర్జెంటుగా కావాలి, రేపు పెళ్లిచూపులు, డ్రైవర్ని పంపిస్తున్నా, డబ్బు పంపేశాను చూడండి అని స్క్రీన్‌షాట్. చూడ్డానికి అచ్చం అసలుదే. బ్యాంకు నుంచి మెసేజ్ రాలేదు. ‘సర్వర్ డౌన్ అంకుల్, వచ్చేస్తుంది’ అన్నాడు. వచ్చాకే ఇస్తానన్నాను, ఇక ఫోన్ లేదు. స్క్రీన్‌షాట్ డబ్బు కాదు, అకౌంట్‌లో పడ్డదే డబ్బు. ‘డబ్బు పంపిస్తున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటే అది మన డబ్బు లాగడానికే. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పొరపాటున పోతే క్షణం ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం అయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

దీనికి రెండో వైపు ఒకటుంది, చాలామందికి తెలియదు. ఎవరో మోసగాడు కొట్టేసిన డబ్బుతో మన దగ్గర చీర కొంటే, పోలీసులు ఆ డబ్బు దారి పట్టుకుంటూ వచ్చి మన అకౌంట్ ఆపేయొచ్చు. మా అకౌంట్ అలా పదిహేడు రోజులు ఆగింది. ఎక్కడో ఉత్తరాదిలో నమోదైన కేసట. కట్టిన మొత్తం 2,900. ఆ పదిహేడు రోజులు షావుకార్లకి చెక్కులు చెల్లలేదు, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. బిల్లు, కొరియర్ రసీదు, డెలివరీ రుజువు మెయిల్ చేస్తే చివరికి వదిలారు. అందుకే వ్యాపారానికి వేరే కరెంట్ అకౌంట్ ఉంచండి, ఇంటి ఖర్చుల డబ్బు అందులో ఉంచకండి, ప్రతి అమ్మకానికీ బిల్లు ఉండాలి.

ఇన్‌స్టాగ్రామ్ సరిపోతుందా అన్నారు. మొదలుపెట్టడానికి సరిపోతుంది. వారానికి రెండు లైవ్‌లు, ఒకే టైముకి, మీరే కనపడి చీర విప్పి చూపించండి. కానీ 2020 జూన్ చివర్లో టిక్‌టాక్ నిషేధం వచ్చినప్పుడు, దాని మీదే వ్యాపారం నడుపుతున్న మా బంధువుల అమ్మాయికి రాత్రికి రాత్రి కొట్టు లేకుండా పోయింది. కొన్నవాళ్ల నంబర్లు ఒక నోటు పుస్తకంలో రాసుకున్నా బతికేది. కాబట్టి కొన్న ప్రతి ఒక్కరి పేరు, నంబరు, ఏ రంగు కొన్నారో, వాళ్ల అనుమతితో రాసి పెట్టుకోండి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు, అదీ మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ చేసుకున్న వాళ్లకే మెసేజ్ వెళ్తుంది. చీర డెలివరీ అయిన రోజే ‘మా నంబరు సేవ్ చేసుకోండమ్మా, కొత్తవి వస్తే చూపిస్తాను’ అని అడగాలి. తర్వాత అడిగితే ఎవరూ చేయరు. సొంత వెబ్‌సైట్ మాత్రం ఇప్పుడే వద్దు. మళ్లీ మళ్లీ కొనేవాళ్లు వంద మంది అయ్యాక తెరవండి.

అమెరికాలో బంధువులున్నారు, అక్కడికి పంపుదాం అని కూడా అనిపిస్తుంది. మేమూ పంపుతాం. కానీ 800 డాలర్ల లోపు పార్శిళ్లకి అక్కడున్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. ఆ సమయంలో మన పోస్టాఫీసుల్లో అమెరికా పార్శిళ్ల బుకింగే చాలావరకు ఆపేశారు, దసరా వెళ్లిపోయాక గానీ మళ్లీ మొదలవలేదు. దసరా చీరలు దీపావళికి చేరితే ఏం సమాధానం చెబుతాం? మొదటి ఏడాది అటు చూడకండి.

చివరగా మీ 3 లక్షలు. లక్షకి మించి సరుకు కొనకండి. నలభై చీరలతో మొదలుపెట్టండి, పది రంగులు, రంగుకి నాలుగు. షావుకారు దగ్గర ‘ఇంకో యాభై వచ్చే వారం దిగుతాయి’ అంటే వాటిని అమ్మకానికి పెట్టకండి. మగ్గం మీదున్న చీర మగ్గం దిగేదాకా స్టాక్ కాదు. వానాకాలం గుంట మగ్గాల్లోకి నీళ్లు వస్తే నేత ఆగిపోతుంది, మీ కస్టమర్‌కి ఆ గుంట కనపడదు, డెలివరీ తేదీ ఒక్కటే కనపడుతుంది. పవర్‌లూమ్ (కరెంటు మగ్గం) చీరని చేనేత అని అంటగట్టే వాళ్లు మంగళగిరిలోనే తగులుతారు, అంచు తిప్పి వెనకవైపు చూడటం నేర్చుకోండి. మొదటి నలభై అయ్యాక, పైన రాసినట్టు ఒక్కో చీర లెక్క వేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.

షావుకారు దగ్గరికి మాత్రం మీరొక్కరే వెళ్లకండి, అత్తగారిని వెంటబెట్టుకెళ్లండి. నగదు రేటు వేరు, అరువు రేటు వేరు, హైదరాబాద్ నుంచి వచ్చిన వాళ్లకి చెప్పే రేటు మరీ వేరు.